మా వైపు చెంచు పెంటలకు (అడవి గూడేలకు) వచ్చే మందుల బండి: ఏడాది చూశాక రాస్తున్నాను

కొండగోగు జిగురు తూచే నా కాటా మీద ఒకసారి ఎనిమిది నెలల ఆడపిల్లను తూచాం. మందుల బండితో వచ్చిన నర్సమ్మ దగ్గర పిల్లల్ని వేలాడదీసి తూచే కాటా ఉంది గాని, దాని స్ప్రింగు సాగిపోయింది. "అన్నా, మీ కాటా ఒక్క నిమిషం ఇస్తారా?" అని అడిగింది. పళ్లెం మీది జిగురు పొడి తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచి, దాని బరువు పోను సున్నా చేశాను. పాపను పడుకోబెడితే కాళ్లు తన్నుతుంటే అంకెలు పైకీ కిందికీ ఊగి, చివరికి 5 కిలోల 900 దగ్గర నిలిచాయి. నర్సమ్మ పాప ఎదుగుదల కార్డు మీద చుక్క పెట్టింది. అది ఆకుపచ్చ పట్టీలో పడలేదు, కింద పసుపులో పడింది, అంటే వయసుకు తగ్గ బరువు లేదన్నమాట. తల్లికి ఆ రంగు చూపించి, ఇక నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పోషకాహార పొడి ఎలా కలపాలో, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో చెప్పింది. వెనక నలభై మంది వరుసలో ఉన్నా తొందరపడలేదు.

నేను గిరిజన సహకార డిపోలో సేల్స్‌మన్‌ను. డీఆర్ డిపో, అంటే రోజువారీ సరుకుల దుకాణం అని మా వైపు అందరికీ తెలుసు. మకాం మన్ననూరు. నెలలో రెండు గురువారాలు ఫర్హాబాద్ దాటి నల్లమల అడవి లోపలి చెంచు గిరిజనుల పెంటలకు పోయి బియ్యం, పప్పు, నూనె ఇచ్చి జిగురు, తేనె, చిల్లగింజలు, కుంకుడుకాయలు కొంటాను. ఏడాదిగా ఆ పెంటలకు పదిహేను రోజులకోసారి ఒక సంచార వైద్య వాహనం వస్తోంది. మందుల బండి అని చెంచులే పేరు పెట్టుకున్నారు. దాన్ని నడిపేది ఎవరో, అది ఏ పెంటో రాయను. ఐదు నక్షత్రాలకు నేను ఇచ్చేది మూడు. బండిలో పనిచేసే ఇప్పటి మనుషులకైతే ఐదుకు ఐదు.

ముందు మంచి చెబుతాను. డాక్టరు, నర్సు, రక్తపరీక్షలు చేసే అబ్బాయి, డ్రైవరు, మొత్తం నలుగురు వస్తారు. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, మలేరియా పరీక్షలు అక్కడికక్కడే చేస్తారు. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కోసం వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీస్తారు. మందులకు పైసా తీసుకోరు. ఏడాదిలో గజ్జి మందు అయిపోయి ఒక్కసారి ఇబ్బంది పడ్డాం, అంతే.

ఐరన్ మాత్రల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. హిమోగ్లోబిన్ ఏడు, ఎనిమిది గ్రాములకు పడిపోయిన గర్భిణులకు మాత్రలు ఇస్తే గుడిసె వెనక పారేసేవారు. "ఇచ్చినా మింగరు" అని రాసుకుని పోయినవాళ్లను ఇదివరకు చూశాను. ఈ నర్సమ్మ ఒక గర్భిణి పక్కన నేల మీద కూర్చుని, ఎందుకు పారేశావమ్మా అని మెల్లగా అడిగింది. విరేచనం నల్లగా అయిందట. కడుపులో ఏదో మాడిపోతోందని ఆ అమ్మాయి భయపడిందట. "ఐరన్ మింగితే అందరికీ అలాగే అవుతుంది, భయం లేదు. అన్నం తిన్నాక వేసుకో, టీతో మాత్రం వేసుకోకు" అని చెప్పింది. ఇంత చిన్న మాట అంతకుముందు ఎవరూ ఆమెకు చెప్పలేదు. తర్వాతి సారి ఆ అమ్మాయి ఖాళీ మాత్రల షీటు కొంగున ముడివేసుకుని తెచ్చి, విప్పి చూపించింది.

మొదట్లో బండితో వచ్చిన ఒకాయన అరవై ఏళ్ల చెంచు మనిషిని "ఒరేయ్" అని పిలిచేవాడు. స్నానం చేసి వస్తేనే చూస్తామనేవాడు. వాగు ఎండిన నెలల్లో బిందె నీళ్లకు ఎంత దూరం నడవాలో ఆయనకేం తెలుసు? ఆయన ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు బండి వైపే రాలేదు. ఇప్పుడున్న డాక్టరు చిన్నవాడు. "తాతా, ఇట్లా కూర్చో" అని స్టూలు జరుపుతాడు. చెంచులతో మాట్లాడటానికి భాష అడ్డం అనేవాళ్లకు ఒక మాట: వాళ్లు మాట్లాడేది మన తెలుగే.

ఇక నా అసలు ఫిర్యాదు బండి వచ్చే వేళ మీద. చెంచులు తెల్లవారకముందే అడవిలోకి పోతారు, పొద్దు వాలాక తిరిగొస్తారు. తేనె కాలంలో రెండు మూడు రోజులు కొండచరియల దగ్గరే ఉంటారు. పైన బావమరిది తాడు పట్టుకుంటే కింద బావ వేలాడుతూ తేనెపట్టు కోస్తాడు. బండి మాత్రం మంగళవారం పదకొండున్నరకు వచ్చి ఒకటిన్నరకు వెళ్లిపోయేది. ఆ వేళ పెంటలో ఉండేది నడవలేని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. సరుకు దించడానికి వెళ్లిన మంగళవారాల్లో నేనే చూశాను, ఏడుగురు, ఎనిమిది మందికి మించి వచ్చేవారు కాదు. ఆ రిజిస్టరు చూసి పైవాళ్లు "చెంచులు వైద్యానికి ముందుకు రారు" అని తేల్చేశారట. ఆ మాట విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి రైతు ఇంటికి వెళ్లి తలుపు తట్టి, ఈయన ఇంట్లో ఉండడు అని రాసుకుంటే ఎట్లా ఉంటుంది?

బండి వాళ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. దూరం నుంచి రావాలి. లోపలి దారంతా రాళ్లు, టైరు పగిలితే ఆ రోజు అక్కడితో సరి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తారు కాబట్టి చీకటి పడే దాకా ఉండమని నేనూ అనను. కానీ డిపో రోజు పొద్దున ఎవరూ అడవికి పోరు. బియ్యం కోసం, జిగురు డబ్బు కోసం పెంట మొత్తం నా చుట్టే ఉంటుంది. ఒకసారి మంగళవారం బండి మరమ్మతుకు పోయి గురువారం వచ్చింది. ఆ రోజు నేను లెక్కపెట్టాను, 43 మంది చూపించుకున్నారు. పాపను తూచింది ఆ రోజే. నర్సమ్మ, డ్రైవరు అప్పుడే డిపో రోజుకు మార్చమని పైకి రాశారు. మారడానికి నాలుగు నెలలు పట్టింది. అది కూడా నెలలో ఒక్క గురువారమే. రెండోది ఇంకా మంగళవారంగానే ఉంది.

రానప్పుడు రామని చెప్పే దారి లేకపోవడం మరో లోపం. పెంటలో సిగ్నల్ లేదు. ఫోను పట్టుకుని గుట్ట మీది బండరాయి దాకా ఎక్కాలి. వర్షాకాలంలో వరుసగా రెండు సార్లు బండి రాలేదు. ఏడో నెల గర్భిణి ఒకామె పక్క పెంట నుంచి నడిచొచ్చి చింతచెట్టు కింద పొద్దువాలే దాకా కూర్చుందని నాకు తర్వాత తెలిసింది. ముందురోజు ఆశా కార్యకర్తకు గాని మా డిపోకు గాని కబురు పెడితే ఆమెకు ఆ నడక తప్పేది.

దగ్గు ఉన్నవాళ్లకు టీబీ ఉందేమో చూడటానికి కఫం పరీక్ష డబ్బా ఇస్తారు. రెండు నమూనాలు కావాలి, ఒకటి అప్పటికప్పుడు, రెండోది మర్నాడు లేచీ లేవగానే తీసింది. మర్నాటి డబ్బా ఎవరు తీసుకుపోవాలి? బండి మళ్లీ పదిహేను రోజులకు గాని రాదు. ఇప్పుడు ఆశా కార్యకర్త తన చేతి సంచిలో పెట్టుకుని రోడ్డు దాకా నడిచి పంపిస్తోంది. టీబీ అని తేలితే కనీసం ఆరు నెలలు మందు ఆపకూడదు. పోషణ కోసం ఇచ్చే నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలోనే పడతాయి. ఖాతా లేనివాళ్లను, ఆధార్‌లో పేరు తప్పుపడ్డవాళ్లను నేను రోజూ నా రేషన్ యంత్రం దగ్గర చూస్తాను. బండిలో ఆ కాగితాల పని చూసే మనిషి ఒకరుంటే ఎంతో మేలు.

శాశ్వతంగా ఒక గది ఎందుకు లేదని అడిగితే జనాభా చాలదంటారు. గిరిజన ప్రాంతాల్లో మూడు వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం అన్నది లెక్క, మైదానంలో అయితే ఐదు వేలు. ముప్పై, నలభై కుటుంబాల పెంట ఆ లెక్కను ఎన్నటికి అందుకోవాలి? ఇక్కడ చూడాల్సింది నడిచే దూరాన్ని. అడవిలో కట్టడానికి వీల్లేదని ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చదవమనండి. గ్రామసభ సిఫారసు చేస్తే వైద్యశాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఒక్క గదికి అంత స్థలం కూడా అక్కర్లేదు. 2023 నవంబరు 15న మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో దేశంలోని 75 అత్యంత వెనుకబడిన ఆదివాసీ తెగల కోసం సంచార వైద్యం పెట్టారు. మన చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు అందులో ఉన్నారు. బండి కావలసిందే. బండి లేని పద్నాలుగు రోజుల కోసం గదీ కావాలి.

బండిలో కుదరని జబ్బుకు పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) ఒకటి. ఇప్పుడు ఆ పథకం కింద పది లక్షల దాకా వైద్యం ఉచితం. పెంట నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చేది మాత్రం ఏ చీటీలోనూ ఉండదు. నాకు జిగురు తెచ్చే ఒక ముసలాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. గుడిసె కప్పులో గడ్డి మధ్య దోపుకున్న ప్లాస్టిక్ సంచి తీసి చూపించాడు. లోపల మూడు చీటీలు, మూడింటిలోనూ కళ్ల ఆపరేషన్ అనే ఉంది. మొదటిది బండి రాకముందు ఏదో శిబిరంలో రాసింది, మడతల దగ్గర చిరిగిపోయింది. "కూడా ఎవరొస్తారు బిడ్డా? కొడుకు వస్తే ఇంట్లో తిండెట్లా?" అన్నాడు.

మొన్న ఎండాకాలం ముందు నర్సమ్మ ఆయన్ని తిరుగు ప్రయాణంలో బండిలోనే కూర్చోబెట్టుకుపోయింది. అట్లా తీసుకుపోవాలని ఏ నిబంధనలోనూ లేదట. కొడుకు మర్నాడు వెళ్లాడు. కుడి కంటికి ఆపరేషన్ అయింది. పోయిన డిపో రోజు ఆయన జిగురు మూట కాటా మీద పెట్టి, నేను నోరు తెరిచేలోపే వంగి అంకెలు చూసి "రెండున్నర కిలోలు" అన్నాడు. ఎనిమిదేళ్లుగా నేను చెప్పిన బరువే ఆయన నమ్మాలి. ఎడమ కంటి చీటీ ఇంకా కప్పులోనే ఉంది.