పసిపిల్లల 'ఫుల్ బెడ్ సెట్' కొనేముందు జాగ్రత్త!

పురిటికి ముందే అన్నీ సర్దిపెట్టుకుందామనో, బారసాలకి బహుమతిగా ఇద్దామనో ఆన్‌లైన్‌లో 'న్యూబార్న్ బెడ్డింగ్ సెట్' వెతికేవాళ్ళకి ఈ హెచ్చరిక. మెత్తటి పరుపు, బుల్లి దిండు, అటూ ఇటూ రెండు బోల్‌స్టర్లు (పొడుగాటి గుండ్రటి దిండ్లు), పైన గొడుగులా తెరుచుకునే దోమతెర. కింద '0–12 నెలలు' అని రాసుంటుంది. నిజానికి ఏడాది లోపు బిడ్డ నిద్రకి అందులో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

ముందు పరుపు సంగతి. ట్యాగ్ తెంపకుండా, మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. గుంట అలాగే ఉండిపోయినా, మెల్లగా పైకి లేచినా వెంటనే వాపసు పంపేయండి. బిడ్డ బోర్లా పడితే ముక్కు అందులో కూరుకుపోతుంది, వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంది, ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇది చప్పుడు లేకుండా జరిగిపోతుంది, పక్కగదికే కాదు, పక్కమంచానికి కూడా వినపడదు. బోర్లా పడటం వచ్చినంత తొందరగా తిరిగి వెల్లకిలా తిరగడం రాదు, చిక్కంతా అక్కడే. రివ్యూల్లో 'సూపర్ సాఫ్ట్, దూదిలా ఉంది' అని అయిదు స్టార్లు కనిపిస్తే అది మెచ్చుకోలు కాదు, వద్దని చెప్పినట్టే.

దిండు అసలే వద్దు. పసివాళ్ళకి తల వెనకభాగం పెద్దది. దాని కింద ఎత్తు పెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని, ఇంకా గట్టిపడని శ్వాసనాళం నొక్కుకుపోతుంది. 'మరి తల గుండ్రంగా రావద్దూ, ఆవాల దిండు పెట్టకపోతే ఎలా?' అని అమ్మమ్మలు అడుగుతారు. తల ఆకారం కోసమని అమ్మే దిండ్లు వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులోనే హెచ్చరించింది. ఆవాల దిండు పెట్టేదీ అందుకే కదా! పైగా కుట్టు ఊడితే ఆవాలు ముక్కులోకి, నోట్లోకి పోతాయి. తల ఒకవైపు చదునవుతుంటే పడుకోబెట్టే దిక్కు రోజూ మార్చండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట బోర్లా పడుకోబెట్టి ఆడించండి. అప్పటికీ తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి.

బోల్‌స్టర్లు 'దొర్లిపోకుండా' అంటారు. దొర్లిన బిడ్డ మొహం ఆనేది వాటికే. తొట్టి కమ్మీల చుట్టూ కట్టే మెత్తటి బంపర్ల తీరూ అంతే, వాటి తాళ్ళు మెడకి చుట్టుకునే ప్రమాదం అదనం. అమెరికాలో ఈ బంపర్ల అమ్మకాన్ని 2022లో చట్టం చేసి నిషేధించారు. కమ్మీకి తల తగిలితే మహా అయితే బొప్పి కడుతుంది.

గొడుగు దోమతెర బిడ్డ మొహానికి మరీ దగ్గర. చెయ్యి ఆడిస్తే ఆ గుడ్డ మొహం మీదికి వాలుతుంది. తొట్టి మొత్తాన్ని బయటినుంచి కప్పే పెద్ద తెర కొని, వదులు లేకుండా బిగించి కట్టండి.

మరి కొనాల్సిందేమిటి? తొట్టి లోపలి కొలత తీసుకుని, సరిగ్గా దానికి సరిపోయే గట్టి పరుపు. పరుపుకీ కమ్మీకీ మధ్య రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. కమ్మీల మధ్య ఎడం 6 సెంటీమీటర్లు దాటకూడదు, పాత తొట్టి తెచ్చుకునేవాళ్ళు ఇది తప్పక చూడండి. పరుపు మీద పరిచే దుప్పటి అంచుల చుట్టూ ఎలాస్టిక్ ఉన్నదై ఉండాలి, మూల పట్టుకుని లాగితే ఊడిరాకూడదు. రబ్బరు షీటు వేస్తే దాని కిందే, ముడతలు లేకుండా.

చలికి బొంత కప్పొద్దు, టోపీ పెట్టి నిద్రపుచ్చొద్దు. ఒంటిమీద ఇంకో చొక్కా వెయ్యండి, లేదా చేతులు బయటికి ఉండే స్లీప్ శాక్ (సంచిలాంటి నిద్ర దుస్తు) తొడగండి. బరువు నింపినవి మాత్రం కొనకండి. మెడ వెనక చెమట పడితే బట్టలు ఎక్కువైనట్టు.

సెట్టు ఇప్పటికే కొనేసి, వాపసు గడువు దాటిపోయిందా? పరుపుని పగటిపూట నేలమీద పరిచి, పక్కన కూర్చుని ఆడించడానికి వాడుకోండి. బోల్‌స్టర్లు పెద్దపిల్లలకి ఇచ్చెయ్యండి.