తిండి మానేసిన గినీ పిగ్‌కి సిరంజితో ఏం పట్టాలి? పొడి, నానిన గుళికలు, ఉగ్గు: ఏది మేలు?

మా బఠాణీకి నాలుగేళ్లు. మగది, బరువు 910 గ్రాములు. ఒక ఆదివారం పొద్దున ఫ్రిజ్ తలుపు తీసినా కుయ్యిమనలేదు. గూట్లో చూస్తే పెంటికలు బియ్యపు గింజలంత సన్నగా ఉన్నాయి. పరిచిన గుడ్డ మీద గులాబీ రంగు మరక. మూత్రానికి కూర్చున్నప్పుడల్లా వీపు గూనిలా వంచి సన్నగా అరుస్తోంది.

రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయనుకున్నాం. ఎక్స్‌రే తీస్తే మూత్రాశయంలో రాయి కనబడింది. ఆ నొప్పికి తిండి మానేసింది, తిండి మానేసేసరికి పేగుల కదలిక మందగించింది. ఈ జంతువు పేగుల్లోకి పీచు ఎప్పుడూ వెళ్తూనే ఉండాలి. ఆగితే లోపలి మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, గ్యాస్ పడుతుంది. కక్కుకుందామన్నా దానికి వాంతి రాదు. అందుకే సగం రోజు ఏమీ తినకపోతే ‘రేపు చూద్దాం’ అనే మాటే వద్దు. మగవాటికి మూత్రనాళం సన్నం, రాయి అందులో ఇరుక్కుని చుక్క కూడా రాకపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఇక సిరంజి సంగతి. పొట్ట డోలులా బిగిసి, తడితే డబడబమంటుంటే ఏదీ పట్టకూడదు, ముందు ఆసుపత్రి. అలా లేదని డాక్టరు చూసి చెప్పాకే కింది వాటి ఆలోచన.

అమ్మ మొదటి మాట ఉగ్గు. ‘పసిపిల్లకి పట్టినట్టు కాస్త సెరెలాక్ కలిపి పట్టవే, వాము నీళ్లు కూడా పొయ్యి’ అంది. పిల్లల్ని పెంచిన చెయ్యి కాబట్టి ఆమె తప్పు కాదు. కానీ అందులో ఉండేది గోధుమపిండి, పాలపొడి. గడ్డి అరిగించుకునే పొట్టలో పిండి, పాలు పడితే పులిసి గ్యాస్ ఇంకా పెరుగుతుంది. నా లెక్కలో ఇది పోటీలోనే లేదు. ఉడికించిన గుమ్మడి గుజ్జు దీనికన్నా నయం, కానీ పీచు చాలదు. రుచి కోసం ఒక చెంచా కలపడానికి పనికొస్తుంది, అంతే.

రెండోది, ఇంట్లో ఉన్న గుళికలనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేయడం. ఆదివారం మధ్యాహ్నం మాకు దిక్కు ఇదే అయింది. ఖర్చు లేదు, వాసన అలవాటే కాబట్టి బఠాణీ పెద్దగా గింజుకోలేదు. అయితే డబ్బా మీద ఏముందో చదవాలి. కుందేళ్ల గుళికల్లో విటమిన్ సి కలపరు, గినీ పిగ్ మనలాగే దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసంతో చేసినవైతే కాల్షియం ఎక్కువ, రాయి ఉన్నదానికి అది వద్దు. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు కలిసిన రంగురంగుల రకం సరేసరి, దాన్ని నానబెట్టినా ఒకటే, పారేసినా ఒకటే. తిమోతి అనే రకం గడ్డితో చేసినవైతే ఒకటి రెండు రోజులకు నిశ్చింతగా సరిపోతాయి.

మూడోది క్రిటికల్ కేర్ అనే పొడి, ఆక్స్‌బో వాళ్లది. తిమోతి గడ్డి ప్రధానం, విటమిన్ సి కలిపి ఉంటుంది. ఒక వంతు పొడికి రెండు వంతుల వెచ్చని నీళ్లు. ఖరీదు ఎక్కువే, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చేసరికి రెండు మూడు రోజులు. జబ్బు పడ్డాక ఆర్డరు పెట్టడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే, ముందే ఒక 141 గ్రాముల సంచి అలమరలో పడి ఉండాలి. పీచు ముతక కాబట్టి 1 మి.లీ. సిరంజి అడ్డుపడుతుంది. కొన కోసి, అంచు నోట్లో గీరుకోకుండా ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను.

మూడింట్లో పొడిదే పైచేయి. అది చేతిలో లేనప్పుడు గుళికలు. మాకు డాక్టరు చెప్పింది రోజుకు 50 మి.లీ., ఐదు విడతలుగా. తువ్వాల్లో చుట్టి, ముందుపళ్ల పక్కనుంచి కొంచెం కొంచెంగా, నమిలి మింగేదాకా ఆగుతూ. ఎత్తిపట్టి గొంతులోకి గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అసలు తేడా తెచ్చింది మాత్రం తిండి కాదు, నొప్పి మందు. నొప్పి తగ్గకుండా ఎంత పట్టినా ఉమ్మేసింది, తగ్గిన రాత్రే తనంతట తాను గడ్డిపోచ అందుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదట వెళ్లిన చోట కుక్కలకు రాసినట్టే అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. నోటి ద్వారా వేసే పెన్సిలిన్ జాతి మందులు గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీయగలవు. రెండో డాక్టరు అది ఆపించి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు. చిన్న జంతువుల్ని చూసే డాక్టరు దొరకకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగండి. తెలంగాణలో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం ఉన్నాయి.

రాయి ఆపరేషన్‌తో తీశారు. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వరు. గినీ పిగ్ తిన్న కాల్షియంలో మిగులు చాలావరకు మూత్రంలోంచే పోతుంది, అందుకే మామూలుగా కూడా అది మబ్బుగా ఉంటుంది. ఆరాక సుద్దపొడిలా ఉంటే కంగారు లేదు, వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడితే డాక్టరు దగ్గరికి. మునగాకు, తోటకూర, మెంతికూర మనకెంత బలమో దానికంత బరువు. వాటి బదులు లెట్యూస్, కీరా, రోజూ ఒక 30 గ్రాముల పచ్చ కాప్సికం. విటమిన్ సి దాంతోనే దాదాపు గట్టెక్కుతుంది.

మిగిలింది గడ్డి: తిమోతా, గరికా? ఎండు తిమోతి బయటినుంచి వచ్చే సరుకు, ధర మండుతుంది. కానీ పళ్లు అరగడానికి, పేగులు నడవడానికి రోజంతా నమలాల్సింది అదే, దాన్ని మానేయలేను. గరిక రుచి, తడి రెండూ ఇస్తుంది. ఒక్కసారిగా గంపెడు వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పిడికెడుతో మొదలుపెట్టాలి. రోడ్డు పక్కది మాత్రం తేవద్దు, కుక్కలు తడిపిందీ, మందు కొట్టిందీ మనకు తెలియదు. వరిగడ్డి గూట్లో పడకగా పరచడానికి పనికొస్తుంది గాని తిండికి కాదు. ప్రస్తుతం మా మేడ మీద నాలుగు తొట్లలో గరిక పెరుగుతోంది, కోసేది అమ్మే. వినాయక చవితికి మాత్రం బఠాణీకి వాటా తగ్గుతుందని ముందే చెప్పేసింది.