డొంగరియా శాలువా అని కంప్యూటర్ వర్క్ అంటగడుతున్నారు, డబ్బు పంపేముందు ఇది చదవండి

ఎంబ్రాయిడరీ మీద ఇష్టంతో ఆన్‌లైన్లో శాలువాలు, దుప్పట్టాలు తెప్పించుకునే అక్కలూ, చెల్లెళ్లూ, జాగ్రత్త. ఒడిశా నియమగిరి కొండల్లో ఉండే డొంగరియా కోందు గిరిజనుల చేతికుట్టు శాలువా అని చెప్పి ఒక పేజీవాళ్లు మెషీన్ మీద కుట్టిన పాలియెస్టర్ గుడ్డ పంపుతున్నారు. నా దగ్గర 4,200 రూపాయలు తీసుకున్నారు. పేజీ పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, కారణం కింద చెప్తాను.

మాది పర్లాకిమిడి. కుట్టుపని కోసం ఊళ్లు తిరిగే పిచ్చి నాది. సండూరు లంబాడీ కుట్టు చూడ్డానికి బళ్లారి వైపు వెళ్లాను, గుడ్డముక్కలు అతికి కుట్టే చాందువా పని కోసం పిపిలి వెళ్లాను. వెళ్లిన ప్రతి చోటా ఒక కుట్టు నేర్చుకుని వచ్చి ఒకే పొడవాటి గుడ్డ మీద వరసగా కుట్టుకుంటాను. అందులో డొంగరియా కుట్టు కూడా చేర్చాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఫోటో చూసి కుట్టే పని కాదది. గుడ్డ చేతిలో ఉండాలి, తిరగేసి చూసి దారం ఎక్కడ దిగి ఎక్కడ తేలిందో పట్టుకోవాలి.

ఆ శాలువా ఎలాంటిదో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, తెలిస్తేనే నకిలీ పట్టుబడుతుంది. గుడ్డ డొంగరియాలు నేయరు. డొంబు నేతగాళ్ల దగ్గర ముతక తెల్లగుడ్డ తీసుకుంటారు. దాని మీద డొంగరియా ఆడవాళ్లు సూదితో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు కుడతారు. ముందుగా పెన్సిల్ గీతలుండవు, ట్రేసింగ్ పేపర్ ఉండదు. కళ్లతో పోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. వరసగా కనిపించే త్రిభుజాలు వాళ్ల కొండలు. ఆకుపచ్చ కొండకూ పచ్చదనానికీ, పసుపు శాంతికీ, ఎరుపు రక్తానికీ త్యాగానికీ గుర్తు అంటారు. పెళ్లికాని అమ్మాయి తనకు నచ్చిన అబ్బాయి కోసం కుడుతుంది. తండ్రికో, తోడబుట్టినవాడికో కుట్టి ఇస్తుంది. 2024 జనవరిలో ఈ శాలువాకు జి.ఐ., అంటే ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కొరాపుట్ కాలాజీరా బియ్యానికి, లాంజియా సవరల గోడచిత్రాలకి కూడా అప్పుడే వచ్చింది.

బిస్సంకటక్ దగ్గర చాటికోనాలో బుధవారం సంత జరుగుతుంది. కొండ మీది డొంగరియాలు ఆరోజు పసుపు, అనాసలు, పనస, ఆకులూ దుంపలూ నెత్తిన పెట్టుకుని దిగుతారు. నేను గునుపురం మీదుగా వెళ్లాను. శాలువాలు చాలామంది భుజాల మీద కనిపించాయి గానీ అమ్మకానికి పెట్టినవాళ్లు కనిపించలేదు. తెలిసిన ఒడియాలో ఒకామెను ఇస్తావా అని అడిగితే పక్కామె వైపు చూసి నవ్వింది. అడగకూడనిది అడిగానని అర్థమై ఊరుకున్నాను. వాళ్లు సంతకు తెచ్చేది పంట, ఒంటి మీద గుడ్డ కాదు.

ఇది గుర్తుపెట్టుకుంటే మొదటి సూచన మీకే దొరుకుతుంది. కుట్టేవాళ్లు కొద్దిమంది, అదీ పోడు పనుల మధ్య తీరిక దొరికినప్పుడు. అలాంటి శాలువాను ఏ రంగులో కావాలంటే ఆ రంగులో, ఎన్ని కావాలంటే అన్ని, ఐదు రోజుల్లో పంపుతాం అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. ఈ పేజీలో నేవీ బ్లూ మీద, గులాబీ రంగు మీద కూడా ‘ఒరిజినల్’ అని పెట్టారు.

డబ్బు కట్టేముందు వెనకవైపు ఫోటో అడిగాను. పంపారు, చక్కటి ఫోటో. చేతికుట్టే, ముడులు కూడా కనిపిస్తున్నాయి. సూదితో కుడుతున్న ఆడమనిషి చేతుల వీడియో కూడా పంపారు. రెండూ వాళ్లవి కావని తర్వాత తెలిసింది. ఆ ఫోటోనే గూగుల్ లెన్స్‌లో పెడితే వేరే రెండు చోట్ల, అంతకుముందు తేదీలతో, కనిపించింది. మీరు మాత్రం ఫోటో, వీడియో అడగొద్దు, వీడియో కాల్ అడగండి. మీకు పంపబోయే ముక్కనే చేతిలో పట్టుకుని తిరగేసి చూపించమనండి. సిగ్నల్ లేదండీ, కొండప్రాంతం కదండీ అంటే సిగ్నల్ వచ్చాకే డబ్బు పంపుతానని చెప్పండి.

పార్సిల్ వచ్చింది. నియమగిరి నుంచి నేరుగా అన్నారు కదా, కవరు మీద బయల్దేరిన ఊరు సూరత్. సూరత్ మెషీన్ ఎంబ్రాయిడరీ మీద నాకేం కోపం లేదు, నా జాకెట్లలో సగం అక్కడివే. కంప్యూటర్ వర్క్ అని చెప్పి 600కి అమ్మితే నేనే కొనేదాన్ని.

విప్పగానే మెరుపు. నూలు దారానికి ఆ మెరుపు రాదు. త్రిభుజానికీ త్రిభుజానికీ ఒక్క పోగు తేడా లేదు. చేత్తో కుట్టిన మనిషి ఎంత ఆరితేరినా మూల తిరిగేచోట ఒక కుట్టు అటో ఇటో అవుతుంది, దారం అయిపోయినచోట కొత్త దారం మొదలైన జాడ ఉంటుంది. ఇక్కడ అంచు నుంచి అంచు దాకా ఒకటే అచ్చు.

తిరగేశాను. వెనకంతా తెల్ల దారం. కుట్టుమెషీన్ ఇంట్లో ఉన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, అది బాబిన్ దారం. చేత్తో కుడితే ఒకే దారం కిందికీ పైకీ తిరుగుతుంది కాబట్టి ముందు ఎరుపైతే వెనకా ఎరుపే. మెషీన్లో పై దారం వేరు, కింది దారం వేరు. కింద మామూలుగా తెలుపో నలుపో పెట్టి నడిపిస్తారు. కుట్టు కింద వేసిన పేపర్ చింపేశారు గానీ సన్నటి మూలల్లో తునకలు అలాగే ఉన్నాయి. గోరుతో గీకితే వచ్చాయి.

అసలు తెలివి అంచు దగ్గర చూపించారు. అంచు పొడవునా రెండు వరసలు మాత్రం చేత్తో రన్నింగ్ స్టిచ్ వేశారు. ముడి కనిపిస్తుంది, కుట్లు హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. అంచు మడిచి దగ్గరగా వీడియో తీస్తే ఎవరైనా చేతిపని అనుకుంటారు. కాబట్టి అంచు చూసి నమ్మకండి, గుడ్డ నడిమధ్యన వెనకవైపు చూడండి.

ఒక పోగు లాగి అగ్గిపుల్ల దగ్గర పెట్టాను. ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలా అయింది. పాలియెస్టర్. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. కానీ చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. రేయాన్ దారం కూడా కాగితంలాగే కాలుతుంది, మెషీన్ ఎంబ్రాయిడరీలో అది బాగా వాడతారు. పూస కట్టకపోయినంత మాత్రాన అది నూలని, చేతిపని అని తేల్చేయకండి. తడి గుడ్డతో రుద్దితే ఎరుపు దిగింది, అదీ చూశాను. దాన్నీ పెద్ద రుజువుగా తీసుకోను, నిజమైన చేతిపనిలోనూ ఒక్కోసారి రంగు దిగుతుంది. గట్టిగా నిలబడే రుజువు బాబిన్ దారం ఒక్కటే.

శాలువాతోపాటు బంగారు రంగు గుండ్రటి స్టిక్కర్ ఒకటి, దాని మీద జి.ఐ. ట్యాగ్ అని, పక్కనే క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే వాళ్ల పేజీయే తెరుచుకుంది! జి.ఐ. అంటే స్టిక్కర్ కాదండీ. ఆ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది, ఆ పేరు వాడుకుని అమ్మే హక్కున్నవాళ్లు ‘ఆథరైజ్డ్ యూజర్’గా అక్కడ నమోదై ఉంటారు. ఆ నమోదు ఎవరి పేరు మీద ఉందో, నంబరెంతో అడగండి. లేనిపోని జి.ఐ. పేరు పెట్టి అమ్మడం 1999 చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పేజీవాళ్లకి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పగానే అవతల మాట్లాడుతున్నవాడి గొంతు మారింది.

అంతకుముందు మాత్రం ఎంత మర్యాదో. ‘మేడమ్ గారూ, చేతిపనిలో చిన్నచిన్న తేడాలుంటాయి కదండీ’ అన్నాడు. బాబూ, తేడా లేకపోవడమే నా గొడవ అన్నాను. రిటర్న్ లేదు, పేజీలో రాశాం చూసుకోండి అన్నాడు. అది చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును, నకిలీ వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆ మాట చెప్పాక దారికొచ్చినట్టే వచ్చి, ‘సరేనండీ డబ్బు వేసేస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఇంకో క్యూఆర్ పంపాడు. అక్కడ ఫోన్ పెట్టేశాను. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి తీసుకోవడానికే. శాలువా పేరుతో ఒకసారి, రీఫండ్ పేరుతో ఇంకోసారి దోచుకోవాలని చూస్తున్నారు. రెండోదాంట్లో నష్టం ఎంత దాకా పోతుందో చెప్పలేం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, తెలుగులో మాట్లాడొచ్చు. పిన్ వ్యవహారం సైబర్ మోసాల నంబర్ 1930కి చెప్పాను. డబ్బు ఇంకా రాలేదు. నా దగ్గరున్న సాక్ష్యాలు పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో, యూపీఐ లావాదేవీ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు. మీరు కూడా పార్సిల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చినా కవరు మీది అడ్రసు కనిపించేలా వీడియో తీస్తూనే విప్పండి. కవరు పారేయకండి.

మరి నిజమైనది ఎక్కడ కొనాలి అంటే, జనవరి చివర్లో భువనేశ్వర్లో జరిగే ఆదివాసీ మేళా చూడండి. గిరిజనుల వస్తువులు అమ్మే ప్రభుత్వ దుకాణాలు, ట్రైబ్స్ ఇండియావి, ఉన్నాయి. అన్ని రోజుల్లోనూ సరుకు ఉండకపోవచ్చు, ఆగాలి. చాటికోనా వెళ్తే సంత చూడండి, అనాసలు కొనండి, ఒంటి మీద శాలువా పట్టుకుని లాగి చూడొద్దు, అడక్కుండా ఫోటోలు తీయొద్దు. ఇది చెప్పడానికి కారణం, నా కళ్లముందే ఒకాయన అదే పని చేశాడు.

కోపం నా డబ్బు గురించి మాత్రమే కాదు. నరసాపురం లేసు సంగతి మనవాళ్లకి తెలుసు, చైనా మెషీన్ లేసు వచ్చి క్రోషే అల్లే ఆడవాళ్ల కూలి మీద ఎలా పడిందో. ఆ లేసుకీ 2024లోనే జి.ఐ. వచ్చింది. 4,200కి మెషీన్ ముక్క కొన్న మనిషి రేపు కొండ మీది ఆమె అసలైనది తెచ్చినా, ఇదీ అలాంటిదేలే అని బేరం కింద నుంచి మొదలుపెడుతుంది.

పేజీ పేరు ఎందుకు రాయలేదంటే, నేను ఫిర్యాదు ఇచ్చిన వారంలోనే అది మారిపోయింది. కొత్త పేరు, కొత్త బొమ్మ, ధర 3,499కి దిగింది. మారనిది ఫోటో ఒక్కటే: వెదురు దడి మీద ఆరేసిన తెల్ల శాలువా, కింద ఎడమ మూలన సగం తెగిపోయిన ఇత్తడి బిందె. ఇంకో పేరుతో వచ్చినా బిందె చూసి పట్టేయొచ్చు. ఇప్పటికే డబ్బు పంపినవాళ్లుంటే ఇవాళే 1930కి చేయండి, ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అంత దూరం పోతుంది. బ్యాంకుకి కూడా విడిగా చెప్పండి.