కంటెయినర్‌లో ప్రశ్నలు లేని ఇన్‌స్టలేషన్: ఆప్ట్-గెట్‌ను చాలాకాలం వాడాక

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థల ఆధారంగా డాకర్ ఇమేజ్‌ల (కంటెయినర్ అనే, ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే చోటుకు మూలమైన అచ్చుల) తయారీకి, అంటే బిల్డ్‌కు, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్-గెట్ కమాండ్‌నే చాలాకాలంగా వాడుతున్నాను. బిల్డ్ జరిగేటప్పుడు జవాబు చెప్పడానికి కీబోర్డు దగ్గర ఎవరూ ఉండరు కాబట్టి, ప్యాకేజీ ఒక్క ప్రశ్న అడిగినా పని అక్కడే ఆగిపోతుంది. ఈ అవసరానికి ఆప్ట్-గెట్ నమ్మదగిన సాధనమే కానీ, ప్రశ్నలు మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయని తెలిసినవారికే అది పూర్తిగా లొంగుతుంది.

‘హైఫన్ వై’ ఆప్షన్ ఆప్ట్-గెట్ తానుగా అడిగే ‘కొనసాగించాలా’ అన్న ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది. ప్యాకేజీల తరఫున డెబ్‌కాన్ఫ్ అనే సాధనం సెట్టింగుల గురించి అడిగేవి దాని పరిధిలోకి రావు. మనం కోరకపోయినా డిపెండెన్సీగా, అంటే మరో ప్యాకేజీకి అవసరమైనదిగా వచ్చి, మీది ఏ ప్రాంతమని అడిగే టైమ్‌జోన్ల ప్యాకేజీ టీజెడ్‌డేటా ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. డెబ్‌కాన్ఫ్ చూసే ‘డెబియన్ ఫ్రంట్‌ఎండ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ‘నాన్‌ఇంటరాక్టివ్’ అనే విలువ ఇస్తే డిఫాల్ట్ జవాబులతో పని సాగిపోతుంది. అయితే దీన్ని డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ ఆదేశాలుండే ఫైల్‌లో) ‘ఎన్వ్’ ఆదేశంతో రాస్తే పూర్తయిన ఇమేజ్‌లోనూ మిగిలిపోయి, తర్వాత ఆ కంటెయినర్‌లో చేతితో ఇన్‌స్టాల్ చేసేవారికి కూడా ప్రశ్నలు కనబడకుండా చేస్తుంది కాబట్టి, బిల్డ్ వరకే ఉండే ‘ఆర్గ్’తో రాయడం మేలు. మూడోది, మనం మార్చిన కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌ను ఉంచాలా, కొత్తది వేయాలా అని, ఆప్ట్-గెట్ కింద ప్యాకేజీలను అమర్చే డీపీకేజీ అడిగేది. దానికి పాత ఫైల్‌నే ఉంచే ‘ఫోర్స్ కాన్ఫ్ ఓల్డ్’ ఆప్షన్ విడిగా ఇవ్వాల్సిందే.

ప్రశ్నలను ఆపడం అవసరం; సందేశాలను కూడా పూర్తిగా నొక్కేయడాన్ని మాత్రం నేను సమర్థించను. ఆప్ట్-గెట్ సందేశాలను తగ్గించే ‘క్యూ’ ఆప్షన్‌ను రెండుసార్లు ఇస్తే ‘వై’ కూడా ఇచ్చినట్టే లెక్క. ఏ ప్యాకేజీని తీసేస్తున్నదీ తెలియకుండానే పని జరిగిపోవచ్చు కనుక, దాన్ని అలా వాడవద్దని ఆప్ట్-గెట్ మాన్యువలే హెచ్చరిస్తోంది. ఒక్క ‘క్యూ’ ప్రోగ్రెస్ సూచికలను తీసేసి లాగ్‌కు పనికొచ్చే వరుసలను మిగులుస్తుంది. బిల్డ్ విఫలమైనప్పుడు కారణం దొరికేది వాటిలోనే.

అప్‌డేట్ (ప్యాకేజీ జాబితాలను తాజాగా తెచ్చుకోవడం), ఇన్‌స్టాల్, ఆ జాబితాల తొలగింపు, ఈ మూడూ డాకర్‌ఫైల్‌లో ఒకే ‘రన్’ ఆదేశంలో ఉండాలి. తొలగింపును తర్వాతి లేయర్‌లో, అంటే మరో ‘రన్’ ఇమేజ్‌కు చేర్చే పొరలో పెడితే ఇమేజ్ పరిమాణం తగ్గదు. అప్‌డేట్‌ను విడిగా పెడితే గత బిల్డ్ నుంచి డాకర్ దాచుకున్న క్యాష్‌లోని పాత జాబితాతో ఇన్‌స్టాల్ విఫలం కావచ్చు.