మిద్దెతోటలో పురుగు పడితే: ఏరడమా, వేప కషాయమా, బీటీ పొడా?

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద వంగ, టమాటా, క్యాబేజీ ఇరవై కుండీల్లో ఉన్నాయి. ఆకుకు కంత కనబడగానే మందు కోసం పరుగెత్తేదాన్ని. ముందు ఏ పురుగో చూడాలని నెమ్మదిగా తెలిసింది.

ఆకు తిప్పి చూడండి. అడుగున గోధుమ రంగు నూగు కప్పిన చిన్న ముద్ద ఉంటే అవి పొగాకు లద్దెపురుగు గుడ్లు. పిల్లలు గుంపుగా పచ్చదనాన్ని గోకేస్తాయి, ఆకు జల్లెడలా మిగులుతుంది. టమాటాలోకి తల దూర్చి సగం ఒళ్ళు బయట పెట్టుకుని తినేది శనగపచ్చ పురుగు. వంగ కొమ్మ చివర వాలిపోయిందంటే పురుగు లోపల ఉంది. దానికి పైపైన ఏది కొట్టినా తగలదు, వాలిన కొమ్మ కింద దాకా తుంచి సబ్బు నీళ్ళలో వేయాలి.

లద్దెపురుగుకు చేత్తో ఏరడమే మేలు. గుడ్ల ముద్ద ఉన్న ఒక్క ఆకు తీసేస్తే వందల పురుగులు పోయినట్టే. ఎదిగినవి పగలు కుండీ మట్టిలో దాక్కుంటాయి, రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని వెళ్తే దొరుకుతాయి.

వేప కషాయం పిల్ల పురుగుల మీదే బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. మర్నాడు పురుగు బతికే ఉందని కంగారు పడొద్దు. అది వెంటనే చంపదు, తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. మే నెలలో ఒకసారి మిట్టమధ్యాహ్నం వేపనూనె కొట్టి ఆకులన్నీ మాడ్చుకున్నాను.

క్యాబేజీకి మాత్రం నా ఓటు బీటీకే, అంటే పురుగుల్ని చంపే ఒక రకం బ్యాక్టీరియాతో చేసిన పొడికి. ఆ పొడి పడిన ఆకు తిన్న పురుగు కడుపు దెబ్బతిని మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. తేనెటీగలకు భయం లేదు. ఎండకు బలం తగ్గిపోతుంది కాబట్టి ఇదీ సాయంత్రమే. టమాటాకైతే పురుగు కాయలో దూరకముందే కొట్టాలి. మామూలుగా దొరికే బీటీ లద్దెపురుగు మీద అంతగా పనిచేయదు, ఎదిగిన దాని మీదైతే దండగే.

రసాయన మందుల జోలికి నేను వెళ్ళను. మా పిల్లలు టమాటా కోసి అక్కడే కొరుక్కుతింటారు.

ఇప్పుడు పిట్టగోడ పక్కన రెండు కుండీల్లో ఆముదం వేశాను, మన మిరప రైతులు చేలో వేసినట్టే. లద్దెపురుగు తల్లికి ఆముదం ఆకంటే మహా ఇష్టం. పొద్దున్నే మొదట ఆ ఆకులే తిప్పి చూస్తాను.