రాయవెల్లూరులో రెండో ఆపరేషన్

అక్కకు థైరాయిడ్ ఆపరేషన్ మళ్లీ చేయాలనగానే ఇంట్లో తలా ఒక ఊరు చెప్పారు. బావ హైదరాబాద్ అన్నాడు, మామయ్య చెన్నై అన్నాడు. చివరికి రాయవెల్లూరు (వెల్లూరు) సీఎంసీకి, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లాం. అక్కడ ఎండోక్రైన్ సర్జరీకి, అంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ గ్రంథుల ఆపరేషన్లకు, విడిగా ఒక విభాగమే ఉంది. ఒకసారి కోసిన మెడను మళ్లీ తెరవాలంటే ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లే కావాలి.

మొదటి ఆపరేషన్‌లో వేరే ఆస్పత్రివాళ్లు థైరాయిడ్‌లో ఒక పక్క భాగం (లోబ్) మాత్రమే తీశారు. బయాప్సీలో పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. అలా తేలిన ప్రతివాళ్లకీ రెండో పక్క తీయరు. 4 సెంటీమీటర్లలోపు ఉండి, ఎటూ పాకని గడ్డకు ఒక పక్క తీస్తే సరిపోవచ్చని 2015 నాటి అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలే చెప్పాయి. అక్కకు మెడలోని లింఫ్ గ్రంథులకు పాకింది, మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియేషన్ మందు, రేడియో అయోడిన్, తప్పదన్నారు. మిగిలిన లోబ్ అలాగే ఉంటే ఆ అయోడిన్‌ని అదే లాగేసుకుంటుంది. క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమో చూడటానికి తర్వాత చేసే థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్షనూ నమ్మడానికి ఉండదు.

వెళ్లేవాళ్లు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా బయాప్సీ ముక్క ఉన్న గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా తీసుకెళ్లండి. మొదటి ఆస్పత్రివాళ్లు అవి ఇవ్వడానికి మమ్మల్ని బాగా తిప్పారు. వెల్లూరులో వాటిని మళ్లీ చూశాకే మాట్లాడారు. స్వరతంతువులు సరిగా కదులుతున్నాయో లేదో కెమెరాతో ముందే చూశారు.

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలుంది. కాట్పాడిలో ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు, సిటీ బస్సు ఎక్కితే హాయి. ఓపీలో రద్దీ మామూలుగా ఉండదు. ప్రైవేట్ ఓపీకి డబ్బు ఎక్కువ, అయినా ఒంట్లో ఓపిక లేని మనిషితో వెళ్తే అదే నయం. భాషకు ఇబ్బంది లేదు, తెలుగు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఆపరేషన్ మర్నాడు రాత్రి అక్క పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో జివ్వుమంటోందంది. నర్సమ్మ చెవి ముందు బుగ్గ మీద వేలితో తట్టింది. పై పెదవి మూల టక్కున అదిరింది. వెంటనే రక్తం తీసుకెళ్లారు, కాసేపటికే కాల్షియం ఎక్కించారు. థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం ఇలా పడిపోతుందట. రెండో పక్క కూడా తీసినప్పుడు ఆ భయం ఎక్కువ. ఆ రాత్రి వాళ్లు చూసుకున్న తీరుకే నా మార్కులన్నీ.

బస విషయంలో మాత్రం జాగ్రత్త. ఆస్పత్రి ఎదురు వీధుల్లో లాడ్జిలు కోకొల్లలు. మేం మొదట దిగినదానికి కిటికీ లేదు, వంటకు ఒప్పుకోలేదు. కాస్త దూరంలో వంటగది ఉన్న గదికి మారాం. స్టవ్, గిన్నెలు అద్దెకు దొరుకుతాయి. రేడియో అయోడిన్‌కు మళ్లీ వెళ్లినప్పుడు ఆ వంటగది విలువ తెలిసింది. డోసుకు ముందు ఒంట్లోకి అయోడిన్ వెళ్లకూడదని అయోడిన్ ఉప్పు, చేపలు, పాలు, పెరుగు, గుడ్డు అన్నీ బంద్. హోటల్లో ఏ ఉప్పు వేస్తారో ఎవరిని అడుగుతాం? వీధినిండా బెంగాలీ మెస్‌ల చేపల వాసన, గదిలో అక్కకు చప్పిడి పప్పు.

ఆ డోసు ఇచ్చాక విడి గదిలో ఉంచుతారు, తోడు ఎవరినీ ఉండనివ్వరు. డిశ్చార్జయ్యాక కూడా కొన్నాళ్లు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. అందుకే రెండో విడతకు మా బుజ్జిదాన్ని అమ్మ దగ్గర వదిలి వెళ్లాం.