సిజేరియన్ తర్వాత మళ్లీ గర్భం రాకపోతే: చాలాకాలంగా వాడుతున్న సెలైన్ స్కాన్ గురించి

సన్నని గొట్టంతో గర్భసంచిలోకి సెలైన్ (ఉప్పునీరు) ఎక్కిస్తూ చేసే అల్ట్రాసౌండే సెలైన్ స్కాన్. మామూలు లోపలి స్కాన్‌కు (యోని ద్వారా చేసేది) దొరకని గుంటను ఇది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. సెలైన్ స్కాన్ అంటే నాకింత మక్కువ అందుకే. సిజేరియన్ కోత సరిగ్గా అతుక్కోని చోట గర్భసంచి లోపలి గోడ గుంట పడుతుంది. రిపోర్టులో ఇస్త్మోసీల్ అని రాస్తారు. లోతు కనీసం 2 మిల్లీమీటర్లు ఉంటే లెక్కలోకి వస్తుంది. నెలసరి రక్తం అందులో నిలిచిపోయి, పిరియడ్ అయ్యాక కూడా రోజుల తరబడి గోధుమరంగు మరకలు అవుతుంటాయి. ఆ ద్రవం పైకి గర్భసంచిలోకి చేరితే పిండం అతుక్కోవడం కష్టం. సెలైన్ వెళ్లగానే గుంట నల్లగా నిండి అంచులు తేటగా తేలతాయి.

ఈ పరీక్ష దెబ్బతినేది బెలూన్ దగ్గరే. సెలైన్ వెనక్కి కారిపోకుండా కాథెటర్ (ఆ సన్నని గొట్టం) కొసన బెలూన్ ఉబ్బిస్తారు. అది కుట్టు మచ్చ మీద కూర్చుందంటే గుంట మూసుకుపోతుంది. స్క్రీన్ మీద గోడంతా నున్నగా ఉంటుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది, ఆమె మాత్రం మరకలతోనే ఇంటికి వెళ్తుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గర్భసంచి పైభాగం చూడటం అయ్యాక బెలూన్ దించేసి, సెలైన్ మెల్లగా వదులుతూ కాథెటర్‌ను వెనక్కి లాగుతూ మచ్చను చూడాలి. సాధారణంగా 10 మిల్లీలీటర్లు సరిపోతాయి. గబగబా తోస్తే కడుపు పట్టేస్తుంది. సిరంజిలో గాలి ముందే తీసేయాలి, లేకపోతే బుడగలు తెల్లగా అడ్డుపడతాయి. నెలసరి రక్తస్రావం పూర్తిగా ఆగాక, నెలసరి మొదలైన పదో రోజులోపు చేయాలి. ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయాల్సిందే.

దొరకని గుంట అన్నాను గానీ, ద్రవం నిండిన పెద్ద గుంట మామూలు స్కాన్‌లోనూ కనిపిస్తుంది. గుంట ఉన్నా గర్భం వచ్చినవాళ్లు బోలెడంతమంది. కాబట్టి లోతు ఒక్కటే చూస్తే చాలదు, దాని మీద మిగిలిన కండరం మందం కూడా రాయించుకోండి. అది 3 మిల్లీమీటర్ల లోపుంటే హిస్టరోస్కోపీతో (యోని ద్వారా గర్భసంచిలోకి కెమెరా పంపి) గుంట అంచులు కోయడానికి చాలామంది వెనకాడతారు, మూత్రాశయానికి తూటు పడొచ్చని. అప్పుడు ల్యాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే సర్జరీ) మాట వస్తుంది.

ట్యూబుల (అండం గర్భసంచికి చేరే నాళాల) సంగతిలో సెలైన్ స్కాన్‌ను నమ్ముకోవద్దు. గర్భసంచి వెనక సెలైన్ చేరితే ఒక ట్యూబైనా తెరుచుకుందని తెలుస్తుంది, ఏ వైపుదో తేలదు. దానికి హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) కావాలి. ఒక బిడ్డ పుట్టాడు కదా అని భర్త సీమెన్ టెస్టు మానేస్తారు. అది అన్నిటికంటే ముందు కావాలి, 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి.

నేను చూసేది ఎక్కువగా మరకల బాధతో వచ్చేవాళ్లను, అందుకే సెలైన్ స్కాన్ వైపు మొగ్గుతాను. మరకలు లేక, నెలసరి తప్పుతూ ఉంటే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు రావడానికి పనిచేసే హార్మోన్), అండం విడుదల ముందు చూడాలి. గతంలో క్షయ సోకి ఉంటే ట్యూబులే మొదట.